మచ్చ వంశానిది కాదు

నూజివీడు వైపు నుంచి ఒక అమ్మాయి, 'ఒక కోడలు' అని సంతకం చేసి పెద్ద వుత్తరం రాసింది. వాళ్లకు మామిడితోట వుంది. మామగారికి అరవై దాటాయి. కాపు రోజుల్లో చిక్కం పట్టుకుని కూలీలతో పాటు తిరగందే ఆయనకు తోచదట. చెప్పులు వేసుకోమంటే వినరట. రెండేళ్ల కిందట ఎడమ మడమ కింద నల్లటి మచ్చ కనిపించింది. ముల్లు గుచ్చుకుందన్నారొకరు, సొన పడి మాడిందన్నారు మరొకరు. తోటలున్న వూళ్లో సొన మచ్చ లేని వొళ్లుండదు గనక ఎవరూ పట్టించుకోలేదు. మచ్చ పెరిగి, పుండై, గజ్జలో బిళ్ల కట్టాక బెజవాడ తీసుకువెళ్లారు. ముక్క తీసి చూసి, మెలనోమా అనే చర్మపు కాన్సరని తేల్చారు. ఆపరేషను చేసి మచ్చనూ బిళ్లనూ తీసేశారు. ఇప్పుడు ఆ తీసిన ముక్కకు జన్యుపరీక్ష చేయించమంటున్నారు డాక్టరుగారు.

"గొడవంతా ఇక్కడే వచ్చిందండీ. మా ఆడపడుచుకు సంబంధాలు చూస్తున్నాం. జన్యువుల్లో లోపం వుందని కాగితం మీద రాసి చేతికిస్తే రేపు పిల్లనెవరు చేసుకుంటారని మా అత్తగారి భయం. ఆ డబ్బేదో పెళ్లికి వుంచండి, నా వయసైపోయిందిగా అంటారు మామగారు. మా వారు నోరు విప్పరు. నన్నేం చెయ్యమంటారు?"

పరీక్ష చేయించమనే నేను చెబుతాను, అమ్మాయీ. ఎందుకో మీ అత్తగారికి చదివి వినిపించు.

మన వొంట్లోని ప్రతి జీవకణంలోనూ ఒక పుస్తకం వుందనుకోండి. అందులో సుమారు 300 కోట్ల అక్షరాలు. వర్ణమాలలో మాత్రం నాలుగే అక్షరాలు. కణం రెండుగా చీలినప్పుడల్లా ఆ పుస్తకమంతా మళ్లీ నకలు రాసుకోవాలి. అంత రాతలో అచ్చుతప్పులు పడకుండా వుంటాయా? పడతాయి. చాలావాటివల్ల నష్టమేమీ లేదు. ఎప్పుడో ఒకసారి, 'ఇక చాలు, ఆగు' అని వుండవలసిన చోట తప్పు పడుతుంది. ఆ కణం ఆగదు. పెరుగుతూనే పోతుంది. చర్మానికి రంగునిచ్చే కణాల్లో అలా జరిగితే అదే మెలనోమా.

ఆ తప్పు పడింది మీ మామగారి మడమలోని ఒక కణంలో, ఆయన పెద్దవారయ్యాక. ఆయన తల్లిదండ్రుల దగ్గర నుంచి తెచ్చుకున్న పుస్తకంలో అది లేదు. పిల్లలకు ఆయన ఇచ్చిన పుస్తకంలోనూ లేదు. తోటలున్న వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. పండ్లచెట్లలో ఒక్కొక్కప్పుడు ఒక కొమ్మ మాత్రం మారి, తక్కిన చెట్టుకు భిన్నమైన కాయ కాస్తుంది. అంతమాత్రాన ఆ చెట్టు జాతి చెడిపోయిందని ఎవరంటారు?

ఒక మాట దాచకుండా చెప్పాలి. కొద్ది కుటుంబాల్లో మెలనోమా వంశపారంపర్యంగా రావడం కద్దు. అటువంటి ఇళ్లలో సాధారణంగా ఒకరికంటె ఎక్కువమందికి ఆ జబ్బు కనిపిస్తుంది. దానికి చేసే పరీక్ష వేరు. రక్తమో లాలాజలమో తీసుకుంటారు. ఇప్పుడు డాక్టరుగారు చదవమంటున్నది కోసి తీసిన ముక్కలోని రాతను. ఏ మందు పని చేస్తుందో తెలుసుకోవడానికే ఆ చదువు.

పూర్వం ఇంత వివరం తెలిసేది కాదు. 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో వుండగా, ఆయన బృందం అమినోప్టెరిన్ అనే మందు తయారు చేసింది. 1947 చివర బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తపు కాన్సరు వచ్చిన పసిపిల్లలకిచ్చి, కొంతకాలమైనా జబ్బు వెనక్కు తగ్గుతుందని చూపించాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో వుంది. కాని అటువంటి మందులు చెడ్డ కణమా మంచి కణమా అని చూడవు. త్వరగా పెరిగే కణాలన్నిటి మీదా పడతాయి. జుట్టు రాలడం, నోరు పూయడం అందుకే.

2002లో ఇంగ్లండులోని సాంగర్ సంస్థ శాస్త్రజ్ఞులు మెలనోమా కణాల రాత చదివితే, బీ-రాఫ్ అనే జన్యువులో, చాలామందిలో ఒకే చోట, ఒకే అక్షరం తప్పు కనిపించింది. తెల్లవారి చర్మపు మెలనోమాల్లో దాదాపు సగానికి ఈ జన్యువులో తప్పు వుంటుంది. ఆ తప్పునే గురిపెట్టి వెమురాఫెనిబ్ అనే మాత్ర చేశారు. 2011లో 675 మంది రోగుల మీద జరిగిన పరీక్షలో, ఆరునెలలకు బతికివున్నవారు పాత మందు వాడినవారిలో నూటికి 64 మంది అయితే, ఈ మాత్ర వాడినవారిలో 84 మంది.

ఈ చదువులో మన తెలుగువారి చెయ్యి కూడా వుంది. కాకినాడలో పుట్టి, అక్కడి పి.ఆర్. కాలేజీలోనూ ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనూ చదివి హార్వర్డులో ఆచార్యులైన కూచర్లపాటి రాజుగారి బృందం, అమెరికాలో 2006 నుంచి సాగిన కాన్సరు జన్యుపటం పనిలో పాలు పంచుకుంది. ఆ పటంలో భాగంగా 2015లో, మూడువందల పైచిలుకు మెలనోమాల రాత చదివి, తప్పునుబట్టి వాటిని నాలుగు తెగలుగా విడదీశారు. పైకి అన్నీ నల్లమచ్చలే; లోపల నాలుగు రకాలు.

మీ మామగారి వంటి వారి విషయంలో ఇది మరీ ముఖ్యం. మన రంగు మనల్ని ఎండ వల్ల వచ్చే చర్మపు కాన్సర్ల నుంచి చాలావరకు కాపాడుతుంది. మనవాళ్లకు వచ్చే మెలనోమా తరచు ఎండ తగలని చోట్లే, అరికాల్లో, అరచేతిలో, గోటి కింద వస్తుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లే 1981లో 36 ఏళ్లకే పోయింది కాలిగోటి కింద మొదలైన మెలనోమా వల్లనే. ఇటువంటివాటిలో బీ-రాఫ్ తప్పు తక్కువ. పదిమందిలో ఒకరిద్దరికి కిట్ అనే జన్యువులో తప్పు వుంటుంది. అటువంటివారిలో కొందరికి, రక్తపు కాన్సరుకు వాడే ఇమాటినిబ్ మాత్ర పని చేస్తుంది. ఏది వుందో చదవకుండా ఏ మాత్ర ఇస్తారు?

బీ-రాఫ్ తప్పే వుందని తేలితే, ఆపరేషను తరువాత కూడా దారి వుంది. మీ మామగారికి లాగే బిళ్లలదాకా పాకిన 870 మందితో చేసిన పరీక్ష ఫలితం 2017లో వచ్చింది. ఒక ఏడాది పాటు డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ అనే రెండు మందులూ వాడినవారిలో, మూడేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా వున్నవారు నూటికి 58. వుత్తుత్తి మాత్ర వాడినవారిలో 39.

ఇది తిరుగులేని వైద్యమని మాత్రం అనుకోవద్దు. జబ్బు బాగా పాకినవారిలో ఈ మందులు కొన్ని నెలలు అద్భుతంగా పనిచేసి, తరువాత చాలామందిలో పట్టు తప్పుతాయి. కాన్సరు మరో దొడ్డిదారి వెతుక్కుంటుంది. పరీక్షలో మందుకు అందే తప్పేదీ కనబడకపోవచ్చు కూడా. అప్పుడైనా, మన వొంటి రక్షకశక్తినే కాన్సరు మీదికి వుసికొలిపే మందులు వున్నాయి. అందుకు దారి చూపిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి ఇచ్చారు. అరికాలి మెలనోమాలో అవి తక్కినవాటిలో అంత బాగా పనిచేయవు. అయినా కొందరికి మేలు చేస్తున్నాయి.

ఇక డబ్బు సంగతి. అందుకోసం మళ్లీ కోత అక్కరలేకపోవచ్చు. తీసిన ముక్కను ఆస్పత్రివారు మైనపు దిమ్మలో భద్రపరుస్తారు. ఆ దిమ్మ ఇమ్మని అడగండి. ముందుగా బీ-రాఫ్, కిట్ వంటి ఒకటి రెండు జన్యువులు మాత్రమే చూస్తే చాలునా, అనేక జన్యువులు ఒకేసారి చూసే పరీక్ష కావాలా అని డాక్టరునే అడగండి. మొదటిదానికి ఖర్చు తక్కువ. ఆ తేలిన మందు ఖరీదెంతో, ప్రభుత్వ పథకం కింద ఏమైనా వస్తుందో పరీక్షకు ముందే విచారించుకోండి. మచ్చ పలచగా వున్నప్పుడే తీయించుకున్నవారికి చాలావరకు ఈ పరీక్షే అవసరం వుండదు. కోతతోనే సరిపోతుంది.

తక్కిన పాఠకులకు నా మనవి అదే. ఇంట్లో పెద్దవాళ్ల అరికాళ్లు నెలకొకసారైనా చూడండి. మచ్చ ఒక వైపు ఒకలాగా, రెండో వైపు ఇంకోలాగా వుందా? అంచులు వంకరటింకరగా వున్నాయా? ఒకటికి రెండు రంగులున్నాయా? పెసరగింజ కంటె పెద్దదయిందా? అన్నిటికంటె ముఖ్యం, మారుతోందా? గోటిలో నల్లగీత వెడల్పవుతూ పక్క చర్మంలోకి పాకుతోందా? నొప్పి లేదుగదా అని వూరుకోవద్దు. మొదట నొప్పి వుండదు. సొన మచ్చయితే రానురాను మాసిపోతుంది. మాయకుండా పెరిగే మచ్చను సున్నంతో కాల్చడం, బ్లేడుతో చెక్కడం పనికిరావు. చర్మవైద్యుడికి చూపించండి.

అమ్మాయీ, మీ అత్తగారితో ఈ ఒక్క మాట చెప్పు. ఆ కాగితం మీద వుండేది పిల్ల జాతకం కాదు, వాళ్ల నాన్నకు పడే మందు పేరు. ఇక మామగారితో మాట్లాడవలసింది మీ వారు. తండ్రి ప్రాణం సంగతి కోడలి నోట రానిచ్చి, కొడుకు వూరుకోవడం బాగుండదు. ఈ పేజీ ఆయన చేతికి ఇవ్వు.