బల్లరంపము కొనువారికొక మాట

ఒమానులో ఉద్యోగము చేయుచు, శుక్రశనివారముల సెలవులలో ఇంటిపట్టున కొయ్యపని సాగింపదలచు తెలుగు గృహస్థు, విద్యుద్బలమున నడచు బల్లరంపమును కొనుటకై అంగడికి పోయినప్పుడు సాధారణముగ అడుగునవి రెండే ప్రశ్నలు: మోటారు బలమెంత, వెల యెంత? ఈ రెంటికిని ముందు అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదని నా దృఢాభిప్రాయము. కోయు చక్రము వెనుక రైవింగ్ నైఫ్ అను రేకు ఉన్నదా, లేదా?

నిమిషమునకు 4000 చుట్లు తిరుగు 10 అంగుళముల చక్రపు అంచు గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తుచుండును. దాని వెనుకభాగమున పళ్లు పైకి లేచుచుండును గనుక, కోతపడిన కొయ్య పాయలు రెండును ముడుచుకొని చక్రమును బిగించినచో, ఆ పళ్లు కొయ్యను పట్టి యెత్తి కోయువాని మీదికే విసరివేయును. దానిని అదిమిపట్టిన చేయి చక్రము మీదికి ఈడ్వబడుటయు కలదు. చక్రపు రేకుకన్న మందముగను, పళ్లు చేయు కోతకన్న పలుచగను ఉండి, చక్రముతోపాటు ఎక్కుచు దిగుచు కోతను మూసికొననీయక నిలుపునదే ఈ చిన్న ఇనుపరేకు.

మస్కటులో దీని యావశ్యకత మరింత యధికము. సముద్రపు తేమలో నిలువయున్న కొయ్యను కొనితెచ్చి ఏసీ గదిలో నుంచినప్పుడు పైభాగము ముందుగా ఆరి, లోపల బిగువులు పుట్టును. అట్టి పలకను నిలువున చీల్చినప్పుడే కోత మూసికొనును. ఆ తేమయే పోతయినుప బల్లకు త్రుప్పు పట్టించును గావున, దానికి మైనము పూయుచుండవలెను.

అమెరికానుండి తెప్పించుకొనువారు మరియొకటి గమనింపవలెను. ఇక్కడి విద్యుత్తు 240 వోల్టులు, 50 హెర్ట్జులు; అక్కడిది 120 వోల్టులు, 60 హెర్ట్జులు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని తగ్గింపగలదు గాని హెర్ట్జులను మార్చజాలదు. పెద్ద రంపములలోని ఇండక్షన్ మోటారు ఇచ్చట ఆరవవంతు వేగము కోల్పోయి, అధికముగ వేడెక్కును. అద్దెయింటిలో నుండి, ఏనాటికైనను స్వదేశము చేరవలసినవారికి మడతకాళ్ల చిన్న రంపమే మేలు; కొయ్యను ఆనించి త్రోయు దాని ఫెన్సు మాత్రము చక్రమునకు సమాంతరముగ బిగిసి నిలువవలెను. ఫెన్సు వంకరయైనచో ఎంతటి మోటారైనను కొయ్యను తిన్నగా కోయదు సరికదా, దానిని చక్రమునకు ఒరిపి వెనుకకు తన్నించును.

1999లో అమెరికావాడైన స్టీవ్ గాస్ కనుగొనిన సాస్టాప్ పద్ధతి మెచ్చదగినది. వ్రేలు తగిలిన 5 మిల్లీసెకన్లలోపల అల్యూమినియపు దిమ్మ చక్రమునకు అడ్డుపడి దానిని నిలిపివేయును. వెచ్చింపగలవారు తప్పక కొనవచ్చును. కాని అది కొయ్య వెనుకకు తన్నుటను ఆపునది కాదు గనుక, ఆ యంత్రమునకును రైవింగ్ నైఫ్ ఉండియే తీరవలెను.

చేతి పనిముట్లతో ఓడలు కట్టిన ఒమానులోని సూర్ పట్టణపు పనివారి నేర్పు లోకప్రసిద్ధము. 1951లో అచ్చట నిర్మించిన ఫతహ్ అల్ ఖైర్ ఓడ నేటికిని ఆ తీరమున నిలిచియున్నది. 1980లో మలబారు కొయ్యను తెచ్చి, మేకులు లేకుండ కొబ్బరిపీచు త్రాళ్లతో పలకలు కుట్టి, సముద్రయాత్రికుడైన టిమ్ సెవెరిన్ చైనాయాత్రకై సోహార్ అను ఓడను కట్టినదియు ఆ యూరనే. మన తాళ్లరేవు, కోరంగి తీరముల ఓడలు కట్టువారును బాడిసతో, ఉలితో ఇట్టి విద్యనే సాధించిరి. ఆ పనిముట్లు చేతి వేగముతో నడచును. చేయి సందేహించిన క్షణమున అవియు నిలుచును. చక్రమట్లు నిలువదు.

వినోదమునకై కోయు గృహస్థునికి వ్రేలు పోయిన బాధయే మిగులును గాని ఉద్యోగము పోదు; వడ్రంగి పనికై గల్ఫుకు వచ్చిన గోదావరి జిల్లా యువకునికి అప్పు తీర్చు సాధనమే ఆ వ్రేళ్లు. వాడిన రంపములు చౌకగా చేతులు మారునప్పుడు ఈ రేకును, చక్రము మీది కప్పును తరచు కనబడవు. అవి లేని యంత్రమును అమ్మువాడును, పనివానికిచ్చి కోయుమనువాడును క్షమింపదగనివారు. కావున సొమ్ము చెల్లింపకమునుపు చక్రమును పైకెత్తించి, దింపించి, రేకు దానిని అనుసరించుచున్నదో లేదో చూడుడు. పోగొట్టబడినచో ఆ నమూనాకు తగినదే దొరకువరకు బేరము వాయిదా వేయుడు.