మూత్రం మంటకు విడిమాత్రలు వద్దు, పరీక్ష కావాలి

పావగడ తాలూకా అక్కచెల్లెళ్లకు, మందులంగళ్ల యజమానులకు, పంచాయతి సభ్యులకు విన్నపం

ఒంటికి పోతే మంట. పోయొచ్చిన కాసేపటికే మళ్లీ పోవాలనిపిస్తుంది. పొత్తికడుపులో నొప్పి. చెప్పుకోడానికి సిగ్గుపడి, వేడి చేసిందనుకుని మజ్జిగ, సబ్జా నీళ్లు తాగుతాం. తగ్గకపోతే ఇంట్లో ఎవరినో మందులంగడికి పంపి నాలుగు మాత్రలు తెప్పించుకుంటాం. మజ్జిగతో నష్టం లేదు. నష్టమంతా ఆ నాలుగు మాత్రలతోనే.

ఈ మంట చాలామందిలో పేగుల్లో ఉండే ఈ. కోలై అనే సూక్ష్మజీవి మూత్రాశయంలోకి చేరడం వల్ల వస్తుంది. ఆడవాళ్లలో మూత్రం బయటికొచ్చే దారి పొట్టిది, అందుకే మనకే ఎక్కువ. చీటీ లేకుండా చేతికొచ్చే సిప్రోఫ్లాక్సాసిన్, సెఫిక్సిమ్ లాంటి మందులకు ఈ. కోలై చాలావరకు లొంగడం లేదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసిఎంఆర్) ఏటా వెలువరించే నివేదికలే చెబుతున్నాయి. సెఫిక్సిమ్ 2014 మార్చి నుంచి హెచ్‌1 షెడ్యూలులో ఉంది. డాక్టరు చీటీ లేకుండా దాన్ని అమ్మకూడదు, ఎవరికిచ్చారో రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. అంగడి యజమానులారా, మీరు కాదంటే ఆ మనిషి ఆసుపత్రికి వెళ్తుంది. దయచేసి కాదనండి.

నైట్రోఫ్యురాంటోయిన్ అని 1950ల నాటి పాత మాత్ర ఒకటుంది. అది రక్తంలో నిలవకుండా మూత్రంలోకి చేరి అక్కడే పనిచేస్తుంది. ఈ. కోలై మీద దాని బలం ఇంకా పెద్దగా తగ్గలేదు. మామూలుగా 100 మిల్లీగ్రాములది పూటకొకటి చొప్పున రోజుకు రెండు, ఐదు రోజులు, అన్నం తిన్నాక ఇస్తారు. మూత్రం ముదురు రంగులో వస్తే భయపడొద్దు, మంట తగ్గిందని మధ్యలో ఆపొద్దు. అయితే కిడ్నీకి ఎక్కిన జబ్బుకు ఇది పనికిరాదు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు, నెలలు నిండిన గర్భిణులకు దీన్ని ఇవ్వరు. కాబట్టి ఇదీ చీటీ మీదే కొనాలి.

ఆర్నెల్లలో రెండుసార్లు లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తుంటే రాత్రిపూట చిన్న మోతాదులో నెలల తరబడి ఇదే మాత్ర ఇచ్చే పద్ధతి ఉంది. ఎంత నయం చేసినా దాన్ని చివరి దారిగానే పట్టుకోవాలి. ఎక్కువకాలం వాడితే కొందరికి ఊపిరితిత్తులు, నరాలు దెబ్బతింటాయి. ముందు నీళ్ల సంగతి చూడాలి. నీళ్లు తక్కువగా తాగే, ఈ జబ్బు తిరగబెట్టే ఆడవాళ్లకు రోజూ మరో లీటరున్నర తాగిస్తే జబ్బు దాదాపు సగానికి తగ్గిందని 2018లో అచ్చయిన ఒక పరిశోధన తేల్చింది. మన దగ్గర ఆ లీటరున్నర ఎలా తాగాలి? బోరు నీళ్లే దిక్కైన ఊళ్లలో ఫ్లోరైడు, శుద్ధినీళ్లు కొని తెచ్చుకోవాలి. చెనక్కాయ చేన్లో కలుపుకు పోయిన మనిషికి మరుగు లేదు. మరుగు లేదని పొద్దుటి నుంచి గుక్క నీళ్లు తాగకుండా, వచ్చింది బిగబట్టుకుని పనిచేస్తుంది. ఆమెకు రాత్రి మాత్ర రాసివ్వడం కన్నా పనిచోట మరుగుదొడ్డి, తాగే నీళ్లు ఇవ్వడమే న్యాయం. ఉపాధిహామీ పనుల్లోనూ, తిరుమణి సోలార్ పార్కులోనూ పనిచేసే ఆడవాళ్లకు ఇది మొదట దక్కాలి.

పరీక్ష సంగతి. జ్వరం లేకుండా మొదటిసారి వచ్చిన మంటకు డాక్టరు చూసి మందివ్వొచ్చు. తిరగబెట్టేవాళ్లకు, గర్భిణులకు, షుగరున్నవాళ్లకు, మగవాళ్లకు, పిల్లలకు మాత్రం మొదటి మాత్ర మింగకముందే మూత్రం కల్చర్‌కు ఇవ్వాలి. ఏ మందుకు ఆ జీవి చస్తుందో అది రెండు మూడు రోజుల్లో చెబుతుంది. కల్చర్‌కు తుమకూరు పంపాలంటే ఇక్కడికి దాదాపు 100 కిలోమీటర్లు. శాంపిల్ బయట రెండు గంటలకు మించి ఉండకూడదు గానీ, చల్లగా ఉంచితే ఒక రోజు నిలుస్తుంది. పిల్లల టీకాలు ఐస్ డబ్బాల్లో మన ఊళ్లకు వస్తున్నాయి కదా, అలాంటి డబ్బా ఇంకొకటి వేరుగా పెట్టి వై.ఎన్. హొసకోట నుంచి, నాగలమడిక నుంచి, నిడగల్లు నుంచి శాంపిళ్లు పంపలేమా? పంపగలం. రోగి బస్సెక్కనక్కర్లేదు.

ఇంకొకటి, ఇంట్లో మాట్లాడేది తెలుగు, చీటీ మీద ఉండేది ఇంగ్లీషు. ఏ పూట ఎన్ని, ఎన్ని రోజులు అన్నది తెలుగులోనూ కన్నడలోనూ కవరు మీద రాసివ్వాలి.

వచ్చే గ్రామసభలో ఆడవాళ్లే లేచి అడగండి. వారానికి రెండుసార్లు ఉచితంగా శాంపిల్ సేకరణ, ఆరోగ్య కేంద్రాల్లో నైట్రోఫ్యురాంటోయిన్ నిల్వ, పనిచోట మరుగుదొడ్డీ తాగునీళ్లూ: ఈ మూడింటినీ తీర్మానంగా రాయించి, సంతకాలు చేసి, నకలు తాలూకా ఆరోగ్యాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి.