అన్నీ గ్యాస్ నొప్పులేనా?

మా సంఘం సమావేశాల్లో ఆరోగ్యం ప్రస్తావన వచ్చినప్పుడల్లా గర్భసంచి, తెల్లబట్ట, కాన్పులు, ఆపరేషన్లు, వీటి దగ్గరే ఆగిపోతూ వచ్చాం. ప్రభుత్వానికి స్త్రీ అంటే గర్భసంచి తప్ప మరొకటి కనపడదని విమర్శించే మనమూ దాదాపు అదే పని చేస్తున్నామన్న మాట. పోయిన వేసవిలో ఒకసారి, "బొడ్డుకి పైన, పక్కటెముకల కింద నొప్పి ఎంతమందికి వస్తుంది?" అని అడిగాను. సగానికి పైగా చేతులు లేచాయి. ఏం చేస్తారంటే అందరిదీ ఒకటే జవాబు: "గ్యాసే కదక్కా, బిళ్ళేసుకుంటాం."

నేనూ ఆ బాపతే. రెండేళ్ళపాటు, పెళ్ళి భోజనమో వేపుడు కూరలో తిన్న రాత్రల్లా కుడి డొక్కలో మొదలైన నొప్పి వెనక రెక్క ఎముక దాకా పాకేది. రెండు మూడు గంటలు మెలిపెట్టి వదిలేసేది. మందుల షాపువాడు గ్యాస్ బిళ్ళ ఇచ్చాడు. డాక్టరు గారు నన్ను కాకుండా మా ఆయన్ని అడిగారు, "ఈవిడ టెన్షన్ ఎక్కువ పడతారా?" అని. ఆయన తలూపారు. ఆ మాత్రానికే నా రోగ నిర్ధారణ అయిపోయింది! చివరికి చలిజ్వరం వచ్చి కళ్ళు పచ్చబడ్డాక గానీ స్కానింగు రాయలేదు. పిత్తాశయంలోని రాయి జారి నాళానికి అడ్డం పడింది. కొన్ని వందల రూపాయల స్కానింగుతో మొదటి నెలలోనే తేలిపోయేది, అత్యవసర ఆపరేషన్ దాకా పోయింది. ఊరందరికీ హక్కుల గురించి చెప్పే నేను, "నన్నడగండి, నొప్పి నాది" అని ఆ గదిలో ఎందుకు అనలేకపోయానో ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

పిత్తాశయంలో రాళ్ళు మగవాళ్ళకంటే ఆడవాళ్ళలోనే ఎక్కువ. ఈస్ట్రోజెన్ హార్మోనూ కాన్పులూ దానికి దోహదం చేస్తాయి. అలాగని రాయి కనపడగానే కోయించుకోనక్కర్లేదు. బాధ పెట్టని రాయిని చాలావరకు అలాగే వదిలేయవచ్చు. ఈ మాట కూడా గట్టిగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన దగ్గర అసలు పరీక్షే చేయకపోవడం ఎంత ఉందో అనవసరంగా కోయడమూ అంతే ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద నూటికి ముగ్గురైతే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మండుగురు. కడుపు నొప్పి అని వెళ్ళి గర్భసంచి లేకుండా తిరిగొచ్చి, నొప్పి మాత్రం అలాగే ఉన్నవాళ్ళు మా సంఘంలోనే ఉన్నారు.

ఇక అల్సర్. "వేళకి తినవు, కారం తింటావు, ఊరికే ఆలోచిస్తావు" అని ఈ జబ్బుకి ఆడదాన్నే తప్పు పడతారు. అందరికీ పెట్టి చివర్న తినే మనిషిని వేళకి తినలేదని తిట్టడం! నిజానికి 1980లలోనే ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే వైద్యులు, చాలా అల్సర్లకి హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా కారణమని చూపించారు. 2005లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఇరుకు ఇళ్ళలో, శుభ్రమైన నీళ్ళు లేనిచోట ఇది చిన్నతనంలోనే సోకుతుంది. పరీక్ష చేసి, రెండు మూడు రకాల మందులు సాధారణంగా రెండు వారాలు పూర్తిగా వాడితే చాలామందికి పోతుంది. ఏళ్ళ తరబడి గ్యాస్ బిళ్ళ మింగితే మాత్రం పోదు.

అల్సర్‌కి రెండో పెద్ద కారణం నొప్పి బిళ్ళలు. నాట్లు వేసి, బీడీలు చుట్టి, నడుము విరిగిన ఆడవాళ్ళు డైక్లోఫెనాక్‌నో ఐబుప్రొఫెన్‌నో రోజూ వేసుకుని పనిలోకి పోతారు. ఒళ్ళు నొప్పి తగ్గుతుంది, పొట్టలో పుండు పడుతుంది. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనపడినా, మింగుడు పడకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఇంట్లో కూర్చోకూడదు.

పొట్టపైభాగంలో ఉన్నట్టుండి బరువుగా నొక్కేసి, చెమటలు పట్టి, ఆయాసమో వికారమో వస్తే అది గుండెపోటు కావచ్చు. ఆడవాళ్ళకీ గుండెపోటు వస్తుందన్న సంగతి ఎవరికీ తట్టదు. తట్టినా ఇ.సి.జి. తీయమని అడిగే చొరవ ఉండదు. అయిదో నెల దాటిన గర్భిణికి కుడి పక్కటెముకల కింద నొప్పితో తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే బి.పి. ప్రమాదకరంగా పెరిగి ఉండవచ్చు. "బిడ్డ తంతోంది" అని సర్ది చెప్పకుండా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మనం తప్ప ఎవరూ అడగని నొప్పి ఇంకొకటుంది. ఎడమ డొక్కలో నొప్పని వచ్చిన ఒకామె మొదట "గ్యాసు" అంది, తర్వాత "గడప తట్టుకుని పడ్డాను" అంది, పక్కనున్న అత్తగారు నీళ్ళకి లేచి వెళ్ళాక "తన్నాడు" అంది. దెబ్బ తగిలిన ప్లీహం లోపల్లోపలే రక్తం కారి, ఒక్కోసారి కొన్ని రోజుల తర్వాత కూడా ప్రాణం మీదికి తెస్తుంది. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం బాధితురాలు గానీ, ఆమె తరఫున రక్షణాధికారి లేదా నమోదైన సేవాసంస్థ గానీ అడిగితే ఆసుపత్రి వైద్యం చేసి తీరాలి. ముందుగా గృహహింస నివేదిక ఇవ్వలేదన్న సాకుతో వెనక్కి పంపడానికి వీల్లేదు. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మనలో ఎంతమందిమి ఈ సెక్షన్‌ను వాడాం?

ఇప్పుడు మా సంఘంలో ఎవరైనా డాక్టరు దగ్గరికి వెళ్తుంటే తోడుగా ఇంకొక సభ్యురాలిని పంపుతున్నాం. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, తిన్నాకా తినకముందా, ఏ బిళ్ళలు వేసుకుంటోంది అన్నది ముందే కాగితం మీద రాసిస్తాం. పోయిన నెల అలా వెళ్ళిన ఒకావిడ తిరిగొచ్చి, "డాక్టరు ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని నన్నే అడిగాడక్కా" అంది. స్కానింగు రిపోర్టు ఇంకా రావాలి.