తెగింది ఒక్క పోగే... పడుగంతా కోసేయొద్దు!

చీరాలలో ఓ చేనేత బట్టల దుకాణాన్ని ఊహించుకోండి. నెల 20వ తేదీ. సాయంత్రం ఆరు దాటింది. జీఎస్‌టీ నెలవారీ రిటర్ను వేయడానికి అదే ఆఖరి రోజు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కరెంటు లేదు. వచ్చాక గల్లాపెట్టె పక్కనున్న కంప్యూటర్ ఆన్ అయితే అయింది గానీ, ఏ సైటు కొట్టినా తెర మీద ఏదో ఇంగ్లీషు హెచ్చరిక!

‘‘నెట్ పోయింది’’ అన్నాడు యజమాని నీరసంగా.

‘‘వైరస్ పట్టినట్టుంది పెదనాన్నా... ఫార్మాట్ కొట్టించేద్దాం. గంటలో అయిపోద్ది’’ అన్నాడు తమ్ముడి కొడుకు.

‘‘ఒక్క పావుగంట ఆగండి నాన్నా’’ అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది ఇంజినీరింగ్ చదువుతున్న కూతురు.

దుకాణం ఊహే. సమస్య మాత్రం ఊహ కాదు. కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రోజు ఇలాంటి సాయంత్రం వచ్చే ఉంటుంది. ఆ సమయంలో కంగారులో తీసుకునే నిర్ణయమే అసలు నష్టం తెచ్చిపెడుతుంది.

ఆ దుకాణం లెక్కే చూడండి. రిటర్ను ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల రుసుము, కట్టాల్సిన పన్ను ఉంటే దాని మీద ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ. అది కట్టేస్తే తీరిపోయే నష్టం. కానీ కంప్యూటర్‌లో ఏళ్ల తరబడి పేర్చుకున్న ఖాతాలు, చీరల డిజైన్లు, పిల్లల ఫొటోలు పోతే? అవి ఎంత కట్టినా తిరిగి రావు.

ఫార్మాట్ కొడితే ఏం పోతుంది?

‘‘సి డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేస్తాం, మీ డేటాకి ఏమీ కాదు’’ అనే మాట చాలామంది వినే ఉంటారు. ఇక్కడే పొరపాటు జరుగుతోంది. డెస్క్‌టాప్ మీద కనిపించే ఫైళ్లు, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు... వీటిని ప్రత్యేకంగా మార్చుకుంటే తప్ప అన్నీ ఉండేది సి డ్రైవ్‌లోనే. లెక్కల సాఫ్ట్‌వేర్ల డేటా కూడా చాలాసార్లు అక్కడే ఉంటుంది. అది చెరిగితే ఇవన్నీ చెరిగినట్టే.

మగ్గం మీద పోగు తెగితే నేతగాడు పడుగంతా కోసి పారేయడు. తెగిన కొసలు ఎక్కడున్నాయో చూసి, ముడివేసి, మళ్లీ నాడె ఆడిస్తాడు. కంప్యూటర్ విషయంలోనూ అంతే. ముందు తెగింది ఎక్కడో కనుక్కోవాలి.

ముందు నాలుగు ప్రశ్నలు

మీట నొక్కడానికి ముందు ఈ నాలుగింటికీ సమాధానాలు ఓ కాగితం మీద రాసుకోండి.

ఒకటి... తెర మీద ఏం రాసి ఉంది? చాలామంది సందేశాన్ని చదవకుండానే మూసేస్తారు. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

రెండు... ఒక్క సైటే రావడం లేదా, అన్నీ రావడం లేదా? ఒక్కటే అయితే తప్పు ఆ సైటుదే కావచ్చు. ఫలితాల రోజున, గడువు ఆఖరి రోజున సైట్లు మొరాయించడం తెలిసిందే. అప్పుడు మీ కంప్యూటర్‌ని ఎంత కెలికినా ప్రయోజనం లేదు.

మూడు... అదే వైఫైతో ఫోన్‌లో నెట్ వస్తోందా? చూసేటప్పుడు ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేయడం మరిచిపోవద్దు. ఫోన్‌లో వస్తుంటే లైనూ రౌటరూ బాగానే ఉన్నట్టు. ఇక చూడాల్సింది కంప్యూటర్‌నే.

నాలుగు... చెడిపోవడానికి ముందు ఏం మారింది? కొత్త సాఫ్ట్‌వేర్ వేశారా, అప్‌డేట్ అయిందా, కరెంటు పోయి వచ్చిందా?

రౌటర్ నుంచి మొదలుపెట్టి...

ఫైబర్ కనెక్షన్ ఉన్న పెట్టె మీద ‘ఎల్ఓఎస్’ అనే చిన్న దీపం ఉంటుంది. అది ఎర్రగా వెలుగుతోందంటే బయటి నుంచి కాంతి సంకేతం లోపలికి రావడం లేదని అర్థం. కేబుల్ ఎక్కడైనా తెగి ఉండొచ్చు, నలిగి ఉండొచ్చు. అలాంటప్పుడు కంప్యూటర్ జోలికి పోకుండా కనెక్షన్ ఇచ్చినవారికి ఫోన్ చేయడమే పని. ఎరుపు లేకపోతే పెట్టె స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి వేయండి. దీపాలు కుదురుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది.

అప్పటికీ రాకపోతే విండోస్ సెర్చ్‌లో ‘సిఎండి’ అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. నల్లటి కిటికీ తెరుచుకుంటుంది. అందులో ‘ఐపీకాన్ఫిగ్’ అని ఖాళీ లేకుండా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. ‘ఐపీవీ4 అడ్రస్’ అన్న చోట ఉన్న అంకెలు చూడండి. అవి 169.254తో మొదలైతే కంప్యూటర్‌కి రౌటర్ నుంచి చిరునామా అందలేదని అర్థం. ఏమీ అందక తనే ఒకటి కల్పించుకుంది! వైఫై తీసేసి మళ్లీ కలపండి. తీగతో కలిపినదైతే దాన్ని ఊడదీసి గట్టిగా పెట్టండి. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 192.168 లాంటి అంకెలు ఉంటే చిరునామా అందినట్టే.

తర్వాత ‘పింగ్’ అని కొట్టి, ఖాళీ వదిలి, అదే కిటికీలో ‘డిఫాల్ట్ గేట్‌వే’ ఎదురుగా ఉన్న అంకెలు కొట్టండి. అది మీ రౌటర్ చిరునామా. ‘రిప్లై’ అని జవాబు వస్తే ఇంట్లో దారి బాగున్నట్టు. ఇప్పుడు ‘పింగ్ 8.8.8.8’ కొట్టండి. ఇది గూగుల్ నడిపే సర్వర్ చిరునామా. దీనికీ జవాబు వస్తే బయటి ప్రపంచం దాకా దారి ఉంది. ఆఖరున అంకెలకు బదులు ఏదైనా పెద్ద సైటు పేరు కొట్టి చూడండి. అంకెలకు జవాబు వచ్చి, పేరును మాత్రం గుర్తుపట్టలేకపోతే తప్పు డీఎన్ఎస్‌ది. పేరు చెబితే చిరునామా చూపే డైరెక్టరీ లాంటిది అది. ‘ఐపీకాన్ఫిగ్’ పక్కన ఖాళీ వదిలి ‘స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్’ కొడితే పాత చిరునామాల జాబితా చెరిగిపోతుంది. అప్పటికీ కుదరకపోతే నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్‌ని 8.8.8.8 లేదా 1.1.1.1కి మార్చుకోవచ్చు.

ఇవన్నీ బాగున్నా సైట్లు రాకపోతే సెట్టింగ్స్‌లో ‘ప్రాక్సీ’ చూడండి. ఉచితంగా వచ్చే కొన్ని పనికిమాలిన సాఫ్ట్‌వేర్లు మీకు తెలియకుండా దాన్ని ఆన్ చేసి పోతాయి. మీరు పెట్టింది కాకపోతే ఆపేయండి.

దోషి మూడు వోల్టుల బిళ్ల!

ఇంతకీ దుకాణంలో ఏం జరిగింది? ఫోన్‌లో నెట్ వస్తోంది. రౌటర్ దీపాలు పచ్చగా ఉన్నాయి. పింగ్‌కి జవాబులూ వస్తున్నాయి. అంటే నెట్ పోలేదు! అప్పుడు ఆ అమ్మాయి తెర మీద ఉన్నది తీరిగ్గా చదివింది. కంప్యూటర్ గడియారం వెనకబడి ఉందని బ్రౌజరే చెబుతోంది. కింద మూలన చూస్తే తేదీ... 2019 జనవరి 1!

కరెంటు లేనప్పుడు కంప్యూటర్ లోపలి గడియారాన్ని నడిపేది మదర్‌బోర్డు మీదుండే రూపాయి బిళ్లంత బ్యాటరీ. చాలా డెస్క్‌టాప్‌లలో ఉండేది సీఆర్2032 రకం, 3 వోల్టులది. కొన్నేళ్లకు దాని శక్తి అయిపోతుంది. ప్లగ్గులో కరెంటు ఉన్నన్నాళ్లూ ఆ సంగతి బయటపడదు. గంటల తరబడి కరెంటు పోయిన రోజున తేదీ వెనక్కి పోతుంది.

తేదీకీ, సైటు తెరుచుకోకపోవడానికీ సంబంధం ఏమిటంటారా? భద్రమైన ప్రతి సైటూ తను అసలైనదేనని చూపడానికి ఓ సర్టిఫికెట్ ఇస్తుంది. దాని మీద ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా చెల్లుతుందని ఉంటుంది. 2019లో ఉన్నాననుకునే కంప్యూటర్‌కి ఇప్పటి సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. అందుకే ‘నమ్మను పొమ్మంటోంది’.

సెట్టింగ్స్‌లో ‘డేట్ అండ్ టైమ్’కి వెళ్లి ‘సింక్ నౌ’ నొక్కితే సరిపోవచ్చు. కాకపోతే చేత్తో మార్చాలి. టైమ్‌జోన్ భారతదేశానిదేనా అన్నదీ చూసుకోవాలి. తేదీ మార్చగానే సైటు తెరుచుకుంది. ఫార్మాట్ కొట్టి ఉంటే? ఖాతాలు పోయేవి... మళ్లీ కరెంటు పోయిన రోజున తేదీ కూడా పోయేది!

సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే...

సిస్టమ్ నత్తనడక నడుస్తుంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ ప్రోగ్రామ్ ఎక్కువ మెమరీ, డిస్క్ తింటోందో అక్కడ తెలుస్తుంది. ఆన్ కాగానే వాటంతటవే మొదలయ్యేవాటిని అందులోని ‘స్టార్టప్’ విభాగంలో ఆపొచ్చు.

మాటిమాటికీ ఆగిపోతుంటే షిఫ్ట్ మీట పట్టుకుని ‘రీస్టార్ట్’ నొక్కండి. అందులో ‘ట్రబుల్‌షూట్’, ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’, ‘స్టార్టప్ సెట్టింగ్స్’ మీదుగా సేఫ్ మోడ్‌కి వెళ్లొచ్చు. ఇందులో విండోస్ అత్యవసరమైన వాటితోనే మొదలవుతుంది. ఇక్కడ బాగా నడిస్తే దోషి మీరు తర్వాత వేసిన సాఫ్ట్‌వేరో డ్రైవరో కావచ్చు. కొత్తగా వేసిన దాన్ని తీసేయండి. సిస్టమ్ రీస్టోర్ ముందే ఆన్ చేసి ఉంటే పాత తేదీకి తీసుకెళ్లొచ్చు. మీ ఫొటోలు, డాక్యుమెంట్ల జోలికి అది పోదు. విండోస్ సొంత ఫైళ్లు చెడ్డాయనిపిస్తే సిఎండిని ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తో తెరిచి ‘ఎస్ఎఫ్‌సి’, ఖాళీ, ‘స్లాష్ స్కాన్‌నౌ’ కొట్టండి.

2024 జులై 19న ఏం జరిగిందో గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా కట్టింది. విమానాలు ఆగిపోయాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. అంత పెద్ద ఉపద్రవానికి మందు ఏమిటి? సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలును తీసేయడం. ఫార్మాట్ కాదు!

అయితే ఆ రోజు చాలామందిని ఇంకోటి ఇబ్బంది పెట్టింది. బిట్‌లాకర్ తాళం వేసిన కంప్యూటర్లు 48 అంకెల రికవరీ కీ అడిగాయి. ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటికి ఈ తాళం దానంతటదే పడుతోంది. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఈరోజే చూసి, కాగితం మీద రాసి, బీరువాలో పెట్టండి.

సాయం పేరుతో వచ్చేవాళ్లు

కంగారులో ఉన్నవాళ్ల కోసమే కాచుకుని కూర్చునేవాళ్లు ఉన్నారు. ‘మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని తెర నిండా వస్తే అది మోసమే. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. అడగకుండా వాళ్లు ఫోన్ చేయరు కూడా. నెట్‌లో వెతికితే దొరికే కస్టమర్ కేర్ నంబర్లన్నీ అసలైనవి కావు. బిల్లు మీదున్న నంబరునే నమ్మండి. దూరం నుంచి మీ కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ వేయమని ముక్కూమొహం తెలియనివాళ్లు అడిగితే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

రాకముందే...

2017 మే 12న వానాక్రై అనే పురుగు ప్రపంచాన్ని చుట్టేసింది. ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే డబ్బు కట్టమంది. గుంటూరు, కృష్ణా, చిత్తూరు సహా కొన్ని జిల్లాల్లో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది చొరబడిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14నే ఇచ్చింది. అంటే రెండు నెలల గడువు ఉంది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు.

విండోస్ 10కి ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడే కంప్యూటర్లకు విడిగా నమోదు చేసుకుంటే వచ్చే పొడిగింపుకు మైక్రోసాఫ్ట్ పెట్టిన గడువు 2026 అక్టోబర్ 13. పాత సిస్టమ్‌తో బ్యాంకు పనులు చేసేవాళ్లు ఈ తేదీలు చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం నకళ్లు. ముఖ్యమైన ఫైళ్లు మూడు చోట్ల ఉండాలి. కంప్యూటర్‌లో ఒకటి, విడి హార్డ్‌డిస్క్‌లో ఒకటి, ఇంటికి దూరంగా ఒకటి. ఆ మూడోది నెట్‌లో దాచినా సరే, ఊళ్లో చుట్టాలింట్లో పెట్టినా సరే. దూరంగా ఎందుకో సముద్రం పక్కనున్న ఊరికి చెప్పనక్కర్లేదు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. కాపీ చేశాక హార్డ్‌డిస్క్‌ను ఊడదీయాలి. తగిలించే ఉంచితే వానాక్రై లాంటివి దానికీ తాళం వేస్తాయి.

దుకాణంలో ఏడున్నరకల్లా రిటర్ను వెళ్లిపోయింది. మర్నాడు బ్యాటరీ మార్చారు. ఖాతా పుస్తకం చివరి పేజీలో యజమాని మూడు ముక్కలు రాసుకున్నాడు... ఏ రోజు, ఏం చెడింది, ఏం చేస్తే బాగయింది.

‘‘ఇంక దేనికైనా ముందు ఇది చూసుకోవాలిరా’’ అన్నాడు తమ్ముడి కొడుకుతో.

‘‘సరే పెదనాన్నా... ముందు ఖాతాలు వేరే డిస్క్‌లోకి ఎక్కిస్తా’’ అన్నాడు వాడు.