బీడీయు బుద్ధియు

పొగ త్రాగుటవలన ఊపిరితిత్తులు చెడుననియు, నోటిలో పుండు పుట్టుననియు, గుండెకు ముప్పు వాటిల్లుననియు మన రైతు సోదరు లందఱు వినియే యున్నారు. బీడీకట్టపై అచ్చువేయబడిన భయంకరమైన బొమ్మను దినదినము చూచుచునే యున్నారు. ఐనను విడువకుండుటకు కారణ మేమని అడిగినచో బాన్సువాడ ప్రాంతమున వచ్చు సమాధానము తఱచుగా ఒక్కటియే: "బీడీ లేకున్న బుద్ధి పనిచేయదు." రాత్రి కాలువ నీటి వంతుకొఱకు మేలుకొనవలసినపుడు, కల్లములో ధాన్యపురాశికి కావలి యుండవలసినపుడు, కొనుగోలు కేంద్రమున తూకము, తేమ, సంచుల లెక్క సరిచూచుకొనవలసినపుడు బీడీయే తమకు దన్ను అని వారు నమ్ముచున్నారు. శరీరమునకు నష్టమైనను బుద్ధికి లాభమను ఈ నమ్మకమునే మేము నేడు విచారింపదలచితిమి. ఏలయన ఈ నమ్మక మున్నంతకాలము తక్కిన హితవచనములన్నియు గాలికి పోవుచునే యుండును.

పొగాకులోని సారము నికోటిన్. 1828లో జర్మనీదేశపు హైడెల్‌బర్గు నగరమున పోసెల్టు, రైమన్ అను నిరువురు దీనిని మొదటిసారి ఆకునుండి శుద్ధముగా వేఱుచేసిరి. పొగాకు మొక్క ఈ పదార్థమును మన మేలుకొఱకు చేసికొనలేదు; తన ఆకును తిను పురుగునుండి తన్ను కాపాడుకొనుటకై చేసికొన్నది. మన పెద్దలు పొగాకు కషాయము కాచి పేనుబంకపై చల్లుట ఇందువలననే. నికోటిన్ సల్ఫేటు అను మందును పూర్వము పైరులపై చల్లెడివారు. అది మిక్కిలి విషమగుటచే మన దేశమున దాని వాడకము నిషేధింపబడినది. వరిలో దోమకును, ప్రత్తిలో పేనుబంకకును నేడు మనము చల్లు ఇమిడాక్లోప్రిడ్ సైతము నికోటిన్ పోలికపై చేయబడిన మందే. పురుగు నరములలో ఏ తాళమును ఆ మందు పట్టునో, మనుష్యుని మెదడులో అట్టి తాళమునే నికోటిన్ పట్టును. మనిషి దేహము పెద్దది, బీడీలోని మోతాదు చిన్నది. కావున పురుగు చచ్చును. మనిషి చావక అలవాటుపడును.

అది మెదడులో చేయు పని యేమనగా: నాడులు కొన్ని రసములద్వారా ఒకదానితో నొకటి మాటలాడుకొనును. అందు అసిటైల్‌కోలిన్ అను రసము మెలకువకును, గమనమునకును, జ్ఞాపకమునకును తోడ్పడును. నికోటిన్ ఆ రసమువలె వేషము వేసికొని దాని తాళములను తెఱచును. పొగ లోనికి పీల్చిన 10 నుండి 20 సెకండ్లలోనే అది మెదడును చేరును. సూదిమందు సైతము ఇంత వేగముగా చేరదు. చేరినతోడనే డోపమిన్ అను మఱియొక రసము పొంగును. "ఈ పని మేలైనది, మరల చేయుము" అని మెదడునకు నేర్పునది ఆ డోపమినే. ఆకలిగొన్నవాడు అన్నము తిన్నపుడు కలుగు తృప్తియు దీని పనియే. ఆ పాఠమును బీడీ దొంగిలించి తనకొఱకు వాడుకొనుచున్నది.

ఇంతటితో నిలిచిన బాగుండెడిది. కాని దినదినము నికోటిన్ వచ్చి పడుచుండగా మెదడు తన తాళముల సంఖ్యను పెంచుకొనును. నిజాంసాగరు కాలువ క్రింద వ్యవసాయము చేయువారికి దీనిని వివరింపనక్కఱలేదు. ఒక కాలువకు ఉన్న తూములు చాలక అదనముగా మఱికొన్ని తూములు పెట్టినచో, మునుపు సమృద్ధిగా పాఱిన నీరే ఇపుడు చివరి మడికి అందదు. నీరు తగ్గలేదు, తూములు పెరిగినవి. పొగత్రాగువాని మెదడును అట్టిదే. బీడీ లేనపుడు తెఱవబడని తాళములు "మాకు నీరేది" అని మొఱపెట్టును. ఆ మొఱయే చిరాకు, తలబరువు, తొందరపాటు, ఒక పనిపై మనస్సు నిలువకపోవుట. రక్తములోని నికోటిన్ సుమారు రెండు గంటలలో సగమగును. రాత్రి నిద్రలో చాలవఱకు తరిగిపోవును. తెల్లవాఱగనే మొదటి బీడీకొఱకు చేయి దిండుక్రింద వెదకుట ఇందువలననే.

బీడీ త్రాగగనే బుద్ధి వికసించినట్లుండుట అబద్ధమా? అబద్ధము కాదు. పొగ త్రాగనివారికి కొద్ది మోతాదులో నికోటిన్ ఇచ్చి చేసిన పరీక్షలలో గమనము, మెలకువ కొంచెముగా పెరిగినట్లు కనబడినది. దీనిని దాచుట మాకు ఇష్టములేదు. ఏలయన సగము సత్యము చెప్పిన హితవునకు విలువ యుండదు. కాని ఆ పెరుగుదల స్వల్పము, స్వల్పకాలికము. నిత్యము పొగత్రాగువానికి దొరకునది చాలవఱకు ఆ లాభము కాదు. తాను పోగొట్టుకొన్న గమనమును తిరిగి పొందుటయే. బీడీకి ముందు వాని బుద్ధి మందగించుటకు కారణము అంతకుముందు త్రాగిన బీడీ. త్రాగినపుడు కలుగు తేటదనము పొగత్రాగనివానికి ఊరకయే యుండు తేటదనమునకు ఇంచుమించు సమానము.

మన సహకార సంఘములు ఏల పుట్టినవి? షావుకారు వంద యిచ్చి, వడ్డీకి మరల వంద యిచ్చి, ఆ రెంటిపైన వడ్డీ గట్టి, చివరకు పొలము వ్రాయించుకొనుచుండగా ఆ ఉచ్చునుండి రైతును తప్పించుటకే గదా! నికోటిన్ తలలో కూర్చున్న షావుకారు. ఉదయము మన గమనమును తాకట్టు పెట్టించుకొనును. బీడీ ముట్టించినపుడు దానిని కొంతసేపు అరువిచ్చును. రెండు గంటలలో మరల తీసికొనును. దినమునకు ఇరువది బీడీలు త్రాగువాడు పదునాఱు గంటలు మేలుకొనియుండిన, సగటున 48 నిమిషముల కొకసారి ఈ షావుకారు వాకిట నిలువవలెను. ఇట్టి వానికి నిలుకడగల ఏకాగ్రత యెక్కడిది? తూకమువద్ద నిలుచున్నపుడును వాని మనస్సు జేబులోని కట్టపైననే యుండును.

బీడీ చిన్నది గనుక హాని చిన్నదని కొందఱు తలంతురు. అందు సుమారు 0.2 గ్రాముల పొగాకే యుండుమాట నిజము. సిగరెట్టులోనిదానికంటె చాల తక్కువ. కాని తునికాకు గాలిని చొరనీయదు. నిప్పు ఆఱకుండుటకు మాటిమాటికి గట్టిగా పీల్చవలసి వచ్చును. అందుచే బీడీనుండి దేహమునకు చేరు నికోటిన్ సిగరెట్టుకు తీసిపోదు. నమలు పొగాకునకు మాఱినను షావుకారు మాఱడు, వాకిలి మాత్రమే మాఱును. 2016-17 సంవత్సరపు జాతీయ సర్వేక్షణములో మన దేశపు పెద్దలలో నూటికి 28.6 మంది ఏదో రూపమున పొగాకు వాడుచున్నట్లును, నూటికి 7.7 మంది బీడీ త్రాగుచున్నట్లును తేలినది.

అన్నిటికంటె మాకు చింత కలిగించునది పిల్లల సంగతి. మనుష్యుని మెదడు ఇరువది యేండ్లు దాటిన పిమ్మటగాని పూర్తిగా పక్వము కాదు. తొందరను అణచుట, మనస్సును ఒకచో నిలుపుట, ముందువెనుకలు చూచుట అను గుణములకు నిలయమైన ముందుభాగము అన్నిటికంటె ఆలస్యముగా పండును. నారుమడిలోనే తెగులు తగిలిన పైరును తరువాత ఎంత ఎరువు వేసినను బాగుచేయుట కష్టము గదా! పదునెనిమిదేండ్లలోపు వారికి పొగాకు అమ్మరాదని 2003 చట్టము చెప్పుచున్నది. అట్లుండ పది యేండ్ల కొడుకును అంగడికి పంపి బీడీకట్ట తెప్పించుకొను తండ్రి తన యింట ఏ పాఠము చెప్పుచున్నాడో ఆలోచింపవలెను.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినబడును. నిజామాబాదు, కామారెడ్డి జిల్లాలలో వేలకొలది అక్కచెల్లెండ్రు బీడీలు చుట్టి కుటుంబములు పోషించుకొనుచున్నారు. బీడీ మానుడన్న వారి నోటికాడి కూడు తీసినట్లు కాదా యని. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. కాని పొగాకు పొడి నడుమ దినమంతయు కూర్చుండు ఆ స్త్రీల దేహములోనికి చర్మముద్వారాను, ఊపిరిద్వారాను అదే నికోటిన్ చేరుచున్నది. ఒక్క బీడీయు త్రాగని తల్లికి తలతిప్పుట, దగ్గు కలుగుచుండిన, ఆ కూలిని మేలైన కూలి యనుట ఎట్లు? పాడి, విత్తనశుద్ధి, పప్పుమర మొదలగు పనులను సహకార పద్ధతిపై వారికి చూపుట మన సంఘముల ధర్మము. త్రాగుట మానుటయు, చుట్టువారికి వేఱు దారి చూపుటయు జంటయెద్దులవలె కలసి నడువవలెను.

మా సూచనలు కొద్దివి. సంఘ కార్యాలయమునను, గిడ్డంగిలోను, సర్వసభ్య సమావేశములోను బీడీ వెలుగరాదు. బహిరంగ స్థలములలో పొగ త్రాగరాదను నిబంధన 2008 అక్టోబరు 2 నుండి అమలులో నున్నది. గోనెసంచులు, గడ్డి యున్నచోట ఇది అగ్నిభయము దృష్ట్యాను అవసరమే. విడువదలచినవారు నాట్ల హడావిడిలోగాని, కోతల సమయమునగాని మొదలుపెట్టక, నాట్లు ముగిసి కొంచెము తీరిక దొరకిన వారమును ఎన్నుకొనవలెను. రెండవ, మూడవ దినములు మిక్కిలి కష్టములు. చిరాకు పుట్టును, లెక్క తప్పును. ఆ దినములలో పెద్ద బేరములు పెట్టుకొనరాదు, ఇంటివారును ఓర్పు వహింపవలెను. మూడు నాలుగు వారములలో ఆ బాధ చాలవఱకు తీరును. పెరిగిన తాళములు సైతము కొన్ని వారములకు పూర్వస్థితికి వచ్చునని పరీక్షలవలన తెలియుచున్నది. ఒంటరిగా చేతకానివారు ప్రభుత్వాసుపత్రి వైద్యుని అడుగవలెను. 1800 11 2356 అను సంఖ్యకు ఫోను చేసినచో ఉచితముగా సలహా దొరకును. ప్రతి సంఘము ఈ సంఖ్యను తన ప్రకటనల పలకపై వ్రాయించుట మంచిది.

సోదరులారా, అప్పు తీర్చిన రైతు మొదటి కొన్ని నెలలు చేతిలో రొక్కము లేక ఇబ్బంది పడును. కాని ఆ పిమ్మట పండిన ప్రతి గింజయు వానిదే. బీడీ విడిచినవాని బుద్ధియు అట్లే వానిదగును. ఈ ఋణవిముక్తికి ఏ ప్రభుత్వమును చట్టము చేయనక్కఱలేదు. ఈ కారు నాట్లు ముగియగనే ప్రతి సంఘములోను కనీసము పదిమంది సభ్యులు కలసి మొదలుపెట్టుదురు గాక. ఒక్కడు విడుచుటకంటె పదిమంది కలసి విడుచుట సులభము. సహకార మనగా అదియే గదా!