ఐసు రొయ్యకి కథ లేదా?

ఒక కథ ఉంది. మీరూ చదివే ఉంటారు. పేరు చెప్పను, ఎందుకంటే అది ఒక్క కథ కాదు, పది పదిహేను కథలు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఒకాయన ఆదివారం పూట స్టోర్‌కి వెళ్లి, ఫ్రీజర్ తలుపు తీసి, రొయ్యల ప్యాకెట్ తెచ్చుకుంటాడు. అమ్మ ఫోన్లో చెప్పినట్టే వండుతాడు. నోట్లో పెట్టుకుంటే రబ్బరు నమిలినట్టుంటుంది. ఇక గోదారి గట్టు, మామ్మ, మట్టి దాక, చింతచిగురు వేసిన రొయ్యలు వరసగా గుర్తొస్తాయి. చివరి పేరాలో "ప్రాణం లేని" అనే మాట తప్పనిసరి. చదివి మనమందరం కళ్లు తుడుచుకుంటాం.

నాకు ఈ కథతో పేచీ ఉంది. ఆయన ఆ ప్యాకెట్‌ని ఒక్కసారి కూడా వెనక్కి తిప్పి చూడడు. చూస్తే "ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా" అని కనపడే అవకాశం చాలా ఉంది. మన దేశపు గడ్డకట్టిన రొయ్యని అందరికంటే ఎక్కువగా కొనేది అమెరికా. దేశంలో చెరువుల్లో పెంచే వనామీ రొయ్యలో పెద్ద వాటా ఆంధ్రది. అంటే ఊరి కోసం ఏడుస్తున్న మనిషి చేతిలోనే ఊరు ఉంది. ఆయనకి కనపడలేదు సరే, రచయితకైనా కనపడాలి కదా!

అన్నట్టు, రబ్బరు సంగతి. రొయ్యని వేగంగా గడ్డకట్టిస్తే లోపల మంచు పలుకులు సన్నగా ఏర్పడతాయి, కండ పెద్దగా చెడదు. ప్లాంట్లలో చేసేది అదే. రబ్బరు అయింది ఓడలో కాదు సార్, మీ పొయ్యి మీద. రెండు నిమిషాలు ముందే దించాల్సింది.

నేను విమర్శకుణ్ణి కాను. కోడ్ రాసుకునేవాణ్ణి. కొన్నేళ్లు ఒక ప్రాజెక్టులో పనిచేశాను. ఓడల్లో వెళ్లే రీఫర్లు, అంటే సరుకుని చల్లగా పట్టి ఉంచే కంటైనర్లు, పంపే రీడింగుల్ని తెర మీద గీతలుగా చూపించడం మా పని. ఉండాల్సింది మైనస్ 18 డిగ్రీలు. లోపలికి వెళ్లే గాలి ఎంత, తిరిగొచ్చే గాలి ఎంత. గీత అడ్డంగా పడుకుని ఉంటే అందరికీ నిద్ర పడుతుంది, పైకి లేస్తే అలారం.

ఆ పెట్టె ఒక పెద్ద ఫ్రీజర్ అనుకునేవాణ్ణి మొదట్లో. కాదు. సరుకుని గడ్డకట్టించడం రీఫర్ పని కాదు, అప్పటికే గడ్డకట్టినదాన్ని అలాగే ఉంచడం దాని పని. నేల మీద కమ్మీల సందుల్లోంచి చల్లగాలి వస్తుంది, అట్టపెట్టెల చుట్టూ తిరిగి పైనుంచి వెనక్కి పోతుంది. గోడ మీద ఎర్ర గీత ఉంటుంది. దాన్ని దాటి సరుకు పేరిస్తే గాలి తిరగదు. రేవులో దించాక ప్లగ్ పెట్టడం ఎవరైనా మరిస్తే లోపల వేడి మెల్లగా పెరుగుతుంది. నెల పైన పట్టే ప్రయాణంలో ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు మెలకువగా ఉండాల్సిందే.

మరి గడ్డకట్టించేది ఎవరు? అది ఓడకి ముందే, భీమవరం చుట్టుపక్కలో విశాఖలోనో జరిగిపోతుంది. చెరువులో పట్టుబడి అయిన రొయ్య ఐసులో ప్లాంట్‌కి వస్తుంది. కడుగుతారు, తల తీస్తారు, ఒలుస్తారు, నల్ల నరం లాగుతారు, కౌంటు ప్రకారం వేరుచేస్తారు. బల్లల దగ్గర నిలబడి ఇదంతా చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. మా మేనత్త తొమ్మిదేళ్లు చేసింది.

ఒక సంక్రాంతికి లాప్‌టాప్ తెరిచి ఆమెకి ఆ గీత చూపించాను. "అత్తా, ఇందులో ఉన్నది మీ రొయ్యే కావచ్చు" అన్నాను గొప్పగా. ఆమె గీతని పట్టించుకోలేదు. "ఏ కౌంటు అల్లుడూ?" అని అడిగింది. ఇరవయ్యొకటి-ఇరవయ్యైదు అన్నాను. పౌనుకి అన్ని తూగుతాయని. "ఆ సైజు మా బల్లదే. తూకం అక్కర్లేదు, చేతిలో పడితే తెలిసిపోద్ది" అంది. కాసేపాగి, "చలికాలం వేళ్లకి తెలీదు. అప్పుడు కంటితోనే" అంది.

నేను ఆ ప్రాజెక్టులో ఉన్నన్నాళ్లూ తెర మీద మనిషికి చోటు లేదు. అది సాఫ్ట్‌వేర్, సరే అనుకుందాం. మన కథల్లో కూడా లేకపోతే ఎలా?

"ఇది జర్నలిజం, సాహిత్యం కాదు" అంటారు కొందరు. ఇలా అనేవాళ్లలో చాలామంది బల్ల మీద "వాల్డెన్" ఉంటుంది. ఏకాంతం కోసం చదువుతాం దాన్ని. 1846-47 చలికాలంలో రోజూ వందమంది ఐరిష్ కూలీలు వచ్చి ఆ చెరువులో ఐసు కోసిన సంగతి కూడా అందులోనే ఉంది. థోరో వాళ్ల పనిముట్లు చూస్తాడు, మంచి రోజున వెయ్యి టన్నులు తీస్తామంటే విని రాసుకుంటాడు. ఆ తర్వాత మనసులో ఐసు వెంట ప్రయాణం కట్టి, మద్రాసు, బొంబాయి, కలకత్తాల్లో ఆ నీళ్లు తాగే జనం దగ్గరికి వస్తాడు.

అది ఊహ ఒక్కటే కాదు. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ బోస్టన్‌లో ఎక్కించిన 180 టన్నుల ఐసులో దాదాపు 100 టన్నులు కలకత్తా చేరింది. మద్రాసు బీచి ఎదురుగా 1842లో ఆ వ్యాపారం కోసం కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ ఉంది, వివేకానందుడి పేరుతో. అప్పట్లో మన కోస్తా జిల్లాలు ఆ మద్రాసు కిందివే. కానీ థోరో చూసిన ఆ గుట్ట సముద్రం దాటలేదు. కొంత పట్టుకెళ్లారు, మిగిలింది 1848 సెప్టెంబరు దాకా కరుగుతూ చాలావరకు చెరువులోనే కలిసింది. ఆ మాటా ఆయనే రాశాడు. కదలని ఐసు వెంట ఆయన మద్రాసు దాకా వచ్చాడు. నిజంగా ఓడెక్కి పోతున్న రొయ్య వెంట మనం విశాఖ రేవు దాకా కూడా వెళ్లం.

యంత్రంలో కథేముంది అంటారా? 1882లో డునెడిన్ అనే తెరచాప ఓడ న్యూజిలాండ్ నుంచి లండన్‌కి ఐదు వేల దాకా గడ్డకట్టిన గొర్రె, గొర్రెపిల్ల కళేబరాలు మోసుకెళ్లింది. 98 రోజులు. ఉష్ణమండలంలో చల్లగాలి సరిగా తిరగకపోతే కెప్టెన్ స్వయంగా గాలి గొట్టంలోకి పాకి, రంధ్రాలు కోసి, చలికి చావు అంచుదాకా వెళ్లాడు. ఇన్నేళ్ల తర్వాత మా అలారం లిస్టులోనూ అదే జబ్బు: గాలి తిరగడం లేదు. ఎనిమిదేళ్లకి ఆ ఓడ మనుషులతో సహా సముద్రంలో మాయమైంది. కథ కావాలంటే ఇంకేం ఉండాలి?

అలాగని దుర్మార్గపు ఎగుమతిదారు, ఏడ్చే కూలీ అని ఇంకో రెడీమేడ్ కథ రాయమని కాదు. ఈ వ్యవహారం అంత సులువుగా లొంగేది కాదు. 2023-24లో మన సముద్ర ఉత్పత్తుల ఎగుమతి 60 వేల కోట్లు దాటితే, అందులో సుమారు మూడింట రెండు వంతులు గడ్డకట్టిన రొయ్యదే. ఆ డబ్బుతో ఇళ్లు లేచాయి, నాలాంటి వాళ్ల ఇంజనీరింగ్ ఫీజులు కట్టబడ్డాయి. అదే డెల్టాలో వరి పొలాలు చెరువులయ్యాయి, నీళ్లు ఉప్పెక్కాయి. తుందుర్రులో ఆక్వా పార్కు వద్దని జనం ఏళ్ల తరబడి పోరాడారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచితే, ఆ భయం చెరువు గట్టు మీదికి దిగడానికి ఓడ ప్రయాణమంత కాలం పట్టలేదు. రైతు, మేత వ్యాపారి, అత్త, ఓడ మీద ప్లగ్‌లు చూసే నావికుడు, నేను, ఫ్రీజర్ తలుపు తీసిన ఆయన: అందరం ఒకే తీగ మీద ఉన్నాం.

నోస్టాల్జియా ఈ తీగని తెంపేస్తుంది. నా అభ్యంతరం అంతే. అమ్మ చేతి వంట గుర్తుకు రావడం తప్పు కాదు. పక్క ఊరి అత్త చేతి పనిని "ప్రాణం లేనిది" అనడం తప్పు. అది తెలియక అన్నా తప్పే.

కాబట్టి ఆ కథ మళ్లీ రాయండి. అదే వంటిల్లు, అదే ఆదివారం. ఈసారి ప్యాకెట్ తిప్పి చూడండి. మా అత్త ప్లాంట్ మానేసి రెండేళ్లయింది. అడిగితే అన్నీ చెబుతుంది. మధ్యాహ్నం మూడు తర్వాత ఖాళీగానే ఉంటుంది.