గడ్డి ఎవరిది?

ఉగాది దగ్గరపడిందంటే మహబూబాబాద్ జిల్లా గూడూరు చుట్టుపక్కల ఊళ్లలో కౌలు ముచ్చట్లు మొదలవుతాయి. పోయినేడు చేసిన పొలమే, అదే పట్టాదారు. అయినా మాటలు మాత్రం మళ్లీ మొదటి నుంచీ... ఎకరానికి ఎన్ని బస్తాలు? మోటారు కాలిపోతే ఖర్చెవరిది? వరిగడ్డి ఎవరిది? ‘పోయినేడు లెక్కనే’ అంటే మా పెదనాన్న ఊరుకోడు. ‘‘ఆ లెక్కేందో ఇంకోపారి చెప్పు’’ అంటాడు.

ఆయన కొడుకు ఇంటి దగ్గరే కూర్చుని హైదరాబాద్‌లోని ఓ సంస్థకు పిల్లల సైన్సు కథలు రాసిస్తాడు. ఉద్యోగం కాదు, ఫ్రీలాన్సు. కథకింత అని డబ్బు. ఏడాదికోసారి ఒప్పందం కొత్తగా రాసుకోవాలి. నిరుడు ‘రెన్యువల్, పాత షరతులే’ అంటూ తొమ్మిది పేజీలు మెయిల్‌లో వచ్చాయి. మావాడు ఫోన్‌లోనే చివరి పేజీ దాకా జరిపి సంతకం పెట్టేశాడు. మీరైనా నేనైనా చేసేది అదే కదా!

నెల దాటినా డబ్బు రాకపోతే అప్పుడు కాగితం తీశాడు. 30 రోజులు ఉండాల్సిన చోట 90 అని ఉంది. మిర్చి తోటకు మందులు కొనాల్సింది ఆ డబ్బుతోనే. అప్పు చేయక తప్పలేదు.

అసలు దెబ్బ ఏడో పేజీలో ఉంది. పాత కాగితంలో కథల మీద హక్కులు సంస్థకిస్తున్నట్టు రాశారుగానీ ఎన్నాళ్లకో చెప్పలేదు. అలా కాలం రాయకపోతే 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఐదేళ్లకే ఇచ్చినట్టు లెక్క. ఆ తర్వాత కథ మళ్లీ రాసినవాడిదే. తన కథలన్నీ ఓ పుస్తకంగా వేయాలని మావాడి కోరిక. కొత్త కాగితంలో చేరిన మాట ఒక్కటే... ‘శాశ్వతంగా’. అదీ, ఇంతకుముందు రాసినవాటికి కూడా!

పాత షరతులే అన్నారుగా, మోసం కాదా అంటారా? 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఓ మెలిక ఉంది. మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగిన విషయమైతే, తప్పుగా చెప్పారన్న కారణంతో ఒప్పందాన్ని కాదనడం కష్టం. కాగితం చేతిలోనే ఉందిగా మరి!

డబ్బు గడువు విషయంలో మాత్రం కాస్త అండ ఉంది. ఆధార్‌తో ‘ఉద్యమ్’లో పేరు నమోదు చేసుకుంటే... పైసా ఖర్చు లేదు... ఒంటరిగా సేవలందించేవారూ సూక్ష్మ సంస్థ కిందికే వస్తారు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం కాగితంలో ఎంత రాసుకున్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. పని పోతుందన్న భయంతో ఆ వడ్డీ అడిగేవాళ్లు తక్కువే అనుకోండి. అందుకే అడిగేదేదో సంతకానికి ముందే అడగాలి. అప్పటిదాకా అవసరం వాళ్లదీ కదా.

ఈ ఏడాది మావాడు పాతదీ కొత్తదీ ప్రింటు తీయించి అరుగు మీద పక్కపక్కనే పెట్టుకున్నాడు. ‘ఏమేం మారాయో మెయిల్‌లో రాసి పంపండి’ అని సంస్థను అడిగాడు. ఒక్కో షరతూ తెలుగులో చదువుతుంటే పెదనాన్న నులకమంచం మీద నుంచి వింటున్నాడు.

‘‘నడుమల వాళ్లు పని బందువెడితే, రాసిన కాడికి పైసలిస్తరా?’’

మావాడు తొమ్మిది పేజీలూ వెతికాడు. ఆ మాటే లేదు.

‘‘మరి గడ్డి ముచ్చట ఏడ రాసిండ్రురా?’’ అన్నాడు పెదనాన్న.

ఇంకో మెయిల్ వెళ్లింది. 90 రోజులు 45 అయ్యాయి. సగంలో ఆపేసిన పనికీ డబ్బిస్తామన్నారు. కొత్త కథలకు ఐదేళ్లే. పాత కథల సంగతి ఇంకా తేలలేదు.